గుంట లేని అచ్చు

అచ్చుల మండలి అనే మహాసంస్థను మా లంక నుంచి ఒక్క మాటతో సాగనంపినవాడిని నేను. రెండో మాట అనవలసిన అవసరమే రాలేదు. కావాలంటే మా బొండాడలంకలో ఎవరినైనా అడగండి. కాకపోతే నేను పక్కన ఉన్నప్పుడు అడగండి.

నా పేరు మట్టపర్తి తాతారావు. మా లంక బడిలో ఐదో తరగతి వరకు చదివాను. ఆరో తరగతి గోదావరికి అవతలి ఒడ్డున ఉండటం వల్ల నా చదువు ఇవతలి ఒడ్డునే ఆగిపోయింది. లంక అంటే నది మధ్యలో తేలిన నేల. మా దగ్గర కొబ్బరి చెట్లు, అరటి చెట్లు, మనుషులు ఉంటారు. ఎక్కువ తక్కువలు కూడా అదే వరసలో. ఎవరు రావాలన్నా పోవాలన్నా నూకరాజు పడవ ఒక్కటే దారి.

ఈ కథ మాత్రం మా సూరాయమ్మది. నాకు వరసకు మరదలు, యాభై అయిదేళ్ళ మనిషి. భర్త పోయిన ఏడాది కొబ్బరికాయను అడిగేవాడు లేక గుట్టలు పడి ఉంటే, ఆ కొబ్బరి ఎండబెట్టి, నూనె ఆడించి, ఆ నూనెతో సబ్బులు చేయడం మొదలుపెట్టింది. శనివారం శనివారం అవతలి ఒడ్డు సంతలో అమ్ముతుంది. ఆమెతో పాటు ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు దాని మీదే బతుకుతున్నారు.

సబ్బు చేయడం చూడటానికి వంటలాగే ఉంటుంది, తినబుద్ధి కాదు, అంతే తేడా. పెద్ద ఇనప బాణలిలో నూనె గోరువెచ్చగా పెట్టి, చల్లారిన కాస్టిక్ సోడా నీళ్ళు సన్నధారగా పోస్తూ తాటిమట్టతో కలపాలి. కలపగా కలపగా అది పెసరట్టు పిండిలా చిక్కబడుతుంది. మట్ట పైకెత్తితే కారిన చార గీతలాగ నిలబడాలి. నిలబడిందంటే ఇక తుమ్మడానికి కూడా ఆగకూడదు. వెంటనే అచ్చులో పోసెయ్యాలి. అందులోనూ కొబ్బరినూనె సబ్బు మహా తొందరమనిషి. ముఖం కడుక్కుని వచ్చేలోపు రాయై కూర్చుంటుంది.

దేంట్లో పోయాలన్నదే ఇందులో అసలు విద్య. సూరాయమ్మ ఏడాది పాటు అన్నీ చూసింది. అల్యూమినియం గిన్నెలో పోస్తే సోడా దాన్ని కొరికి, నురగలు కక్కించి, గిన్నెను నల్లగా మార్చింది. మట్టి ముంత నూనె పీల్చుకుంది. కొబ్బరి చిప్పలో పోస్తే పీచు అంటుకుని సబ్బుకు గడ్డం మొలిచింది. గాజు గ్లాసులోకి బుద్ధిగా దిగింది కాని బయటికి రానని భీష్మించింది. చివరికి అరటి దొప్ప దగ్గర ఆమె వెతుకులాట ఆగింది. గెల కొట్టేసిన అరటి మొద్దును పొరలు పొరలుగా వొలిస్తే వచ్చేదే దొప్ప. లోపల నున్నగా, చల్లగా, సన్నటి దోనెలాగ ఉంటుంది. రెండు కొసలూ అరటి బెరడు ముక్కలతో బిగించి సబ్బు పోస్తే, గట్టిపడగానే దొప్పను తొక్కలా వొలిచెయ్యవచ్చు. తీగతో కోస్తే అర్ధచంద్రుడి లాంటి బిళ్ళలు వస్తాయి. వాటి వీపు మీద దొప్ప ఈనెల గీతలు సన్నగా పడతాయి. సంతలో జనం ఆ గీతలు తడిమి చూసి మరీ కొనేవారు.

ఇలా ఉండగా ప్రభుత్వానికి ఇంటి సబ్బు మీద ప్రేమ పుట్టింది. ఇంటింటా సబ్బు చేయండి, మన సబ్బుతో మనమే తోముకుందాం అని గోడల నిండా రాయించారు. ప్రేమ పుట్టిన ఇంట్లో నియమం పుట్టకుండా ఎలా ఉంటుంది? ఒక్కో ఇంటి సబ్బు ఒక్కో ఆకారంలో ఉందని పైన ఎవరో పెద్దాయన కంటతడి పెట్టారట. వెంటనే "గృహ సబ్బు అచ్చుల ఏకరూపతా మండలి" అని ఒకటి వెలిసింది. ప్రజలకు తగిన అచ్చు ఏదో తేల్చడం దాని పని.

తేల్చడానికి మూడేళ్ళు పట్టింది. పువ్వు అచ్చు అనుకుంటే అది ఏదో ఒక పార్టీ గుర్తుకు చుట్టమైంది. చేప అచ్చు అనుకుంటే శాకాహారులు స్నానం మానేస్తామని ఊరేగింపు తీశారు. చతురస్రం మూలలు గుచ్చుకుంటాయని వైద్య ఉపసంఘం అంది. గుండ్రటిది చేతిలోంచి జారి, దాని మీద కాలు వేసి, మనిషి జారతాడని భద్రతా ఉపసంఘం అంది. మామిడిపిందె అచ్చును చూసి ఒక సభ్యుడు తన మేనమామను వెక్కిరిస్తున్నారని లేచి వెళ్ళిపోయాడు. ఏ ఆకారమూ ఎవరినీ నొప్పించకూడదంటే అసలు ఆకారమే ఉండకూడదని ఆఖరి సమావేశంలో తేలింది. ఆకారం ఎక్కడి నుంచి వస్తోంది? అచ్చులోని గుంట నుంచి. కాబట్టి గుంట తీసేశారు.

అదిగో, ఆ అచ్చు పట్టుకుని ఒక బుధవారం మధ్యాహ్నం మా లంకలో పడవ దిగారు ప్రాంతీయ అచ్చుల అధికారి పరాంకుశం గారు. వెనకాల ఆయన గుమాస్తా ధనకోటి. ధనకోటి చేతిలో సంచీ, సంచీలో లక్క కడ్డీలు, కొవ్వొత్తులు, ఇత్తడి ముద్ర, ఒక తట్టెడు కాగితాలు. ఎదురుపడిన మొదటి మనిషిని నేనే కావడం వల్ల నా జేబుకు ఒక బిళ్ళ తగిలించారు. "అచ్చు మిత్ర" అని దాని మీద రాసి ఉంది. డెబ్బై నాలుగేళ్ళలో ప్రభుత్వం నాకు ఇచ్చిన మొదటి వస్తువు అది. ఛాతీ రెండంగుళాలు పెంచుకుని వాళ్ళను నేరుగా సూరాయమ్మ పెరట్లోకి తీసుకుపోయాను.

ఆమె అప్పుడు బాణలి ముందు నిలబడి సబ్బు కలుపుతోంది. పక్కనే పది దొప్పలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి.

"ఈ గృహమునందు అచ్చు కార్యకలాపములు జరుగుచున్నట్లు మండలి దృష్టికి వచ్చినది," అన్నారు పరాంకుశం గారు. ఆయన మాట్లాడితే కాగితం చదివినట్టే ఉంటుంది. చేతిలో కాగితం లేకపోయినా.

"కలాపాలేం లేవండి బాబూ, సబ్బు కలుపుతున్నానండి. కాస్త అవతలికి జరగండి, సోడా చిందుద్ది," అంది సూరాయమ్మ మట్ట ఆపకుండా.

ఆయన జరగలేదు. ధనకోటి సంచీలోంచి అధికారిక అచ్చు తీశాడు. మూర పొడవు, జానెడు వెడల్పు ఉన్న టేకు చెక్క. నిగనిగలాడే పాలిష్. ఒక మూల మండలి ముద్ర. సూరాయమ్మ ఒక చేత్తో మట్ట తిప్పుతూ రెండో చేత్తో ఆ చెక్క అందుకుని ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది.

"గుంటేదండీ?"

"గుంట ఉండదు. అదియే దీని విశిష్టత."

"మరి సబ్బు ఎక్కడ పోయాలండి?"

"అచ్చు మీద."

"కారిపోద్ది కదండీ!"

"కారుట సబ్బు యొక్క లోపము. అచ్చు యొక్క లోపము కాదు. మండలి పరిధి అచ్చు వరకే."

సూరాయమ్మ నా వైపు చూసింది. నేను నా బిళ్ళ వైపు చూసుకున్నాను. ఈలోగా బాణలిలో సబ్బు చిక్కబడి మట్ట నుంచి జారిన చార గీతలాగ నిలబడింది. ఆమె చెక్కను పక్కన పెట్టి, గరిట తీసుకుని దొప్ప వైపు వంగింది.

"ఆగుడు!" అన్నారు పరాంకుశం గారు. "ఆ దొప్పకు అనుమతి ఉన్నదా?"

"దొప్పకి అనుమతేటండీ? అరటి చెట్టిచ్చింది."

"అనుమతి లేని అచ్చునందు సబ్బు పోయుట మూడవ నియమము ప్రకారము నేరము."

"అయితే అనుమతివ్వండి బాబూ, తొందరగా! గట్టిపడిపోద్ది."

"నమూనా కావలెను. ఆ అచ్చులో పోసిన సబ్బును పరీక్షించిన మీదట అచ్చుకు అనుమతి ఇవ్వబడును."

"అనుమతి లేకుండా పొయ్యకూడదంటున్నారు. పోస్తేనే అనుమతంటున్నారు. మరి ఆ నమూనా దేంట్లో పొయ్యమంటారండి?"

పరాంకుశం గారు గంభీరంగా తల పంకించారు. "ఆ ప్రశ్న మూడేళ్ళుగా ఉన్నతస్థాయి పరిశీలనలో ఉన్నదమ్మా."

సూరాయమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బతిమాలింది. తనతో కలిపి నలుగురు ఆడవాళ్ళ వారం కష్టం ఆ బాణలిలో ఉందని చెప్పింది. నీళ్ళు చల్లింది. మట్టతో కుమ్మింది. సబ్బు మాత్రం ఉన్నతస్థాయి పరిశీలన కోసం ఆగలేదు. మా అందరి కళ్ళ ముందే బాణలిలో తెల్లగా, గట్టిగా బిగుసుకుపోయింది. తాటిమట్ట అందులోనే జెండాకర్రలా నిలబడింది.

ధనకోటి వంగి చూసి, వేలితో తట్టి, ఉత్సాహంగా అన్నాడు. "సర్, ఇప్పుడు సబ్బు బాణలి ఆకారంలో ఉంది సర్. అంటే బాణలే అచ్చు సర్. అనుమతి లేని అచ్చు."

లక్క కరిగింది. బాణలి చెవికి ముద్ర పడింది. సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు దాన్ని సాక్ష్యంగా కార్యాలయానికి తీసుకుపోతామన్నారు. ఈసారి సూరాయమ్మ వచ్చి బాణలికి అడ్డంగా నిలబడింది. అంత మందం, అంత లోతు ఉన్న ఇనప బాణలి ఇప్పుడు ఎక్కడా దొరకదు. సన్న రేకు బాణలి సోడాకు ఏడాది కూడా తట్టుకోదు. అది పడవ దాటిందంటే సబ్బు పని అయిపోయినట్టే, ఆ నాలుగిళ్ళ పొయ్యిలూ ఆరినట్టే.

"బాబూ, అది అచ్చు కాదండి, బాణలండి. చూడండి, చెవులున్నాయి," అంది.

పరాంకుశం గారు జేబులోంచి నియమావళి తీసి చదివారు. "సబ్బు ద్రవమును స్వీకరించి దానికి ఆకారమును ప్రసాదింపగల ఎట్టి పల్లపు వస్తువైనను, చెవులున్నను లేకున్నను, అచ్చుగా పరిగణింపబడును."

ఇక్కడే నా నోరు ఊరుకోలేదు. మరదలి పక్షాన అధికారిని ఆటపట్టిద్దామనుకుని, "అలాగైతే ఈ ఇంట్లో ఇడ్లీ రేకులు కూడా అచ్చులేనండి. పదహారు గుంటలు!" అన్నాను.

నా హాస్యానికి నవ్వినవాళ్ళను చూశాను, తిట్టినవాళ్ళను చూశాను. కలం తీసి రాసుకున్నవాడిని మాత్రం ఆ రోజే చూశాను.

"మిత్రమా, మిగిలినవి కూడా చూపుము," అన్నారు పరాంకుశం గారు. ఆ పిలుపుకు నేను కరిగిపోయాను. లక్క కంటే ముందే కరిగాను.

అక్కడి నుంచి ఇల్లిల్లూ తిరిగాం. ఇడ్లీ రేకులకు ముద్ర. గుంత పొంగణాల పెనానికి ఏడు ముద్రలు, గుంటకు ఒకటి. గిన్నెలు, చెంబులు, గంగాళాలు, గరిటెలు, రోళ్ళు, చంటిపిల్లల ఉగ్గుగిన్నెలు, కోళ్ళు నీళ్ళు తాగే మూకుళ్ళు. అట్ల పెనం దగ్గర పెద్ద చర్చ జరిగింది. ధనకోటి దాని మధ్యలో ఒక చుక్క నీరు వేసి, చుక్క కదలకుండా నిలబడే సరికి, పల్లం రుజువైందని ముద్ర వేశాడు. మునసబు మనవరాలి బుగ్గ మీద సొట్ట చూసి కూడా ఒక క్షణం ఆగాడు కాని, అది నవ్వినప్పుడు మాత్రమే పడుతుందని తేలి వదిలేశాడు. ఒక ముసలమ్మ తన బోసినోరు తెరిచి, "దీనికీ ఎయ్యి నాయనా, కోడలు సంతోషిత్తాది," అంది. పొద్దు వాలే వేళకు మా లంకలో ముద్ర లేని పల్లం అంటూ మిగల్లేదు.

"సంపూర్ణము," అన్నారు పరాంకుశం గారు తృప్తిగా.

అక్కడితో ఊరుకుంటే నేను తాతారావును ఎలా అవుతాను? "అసలుది చూడలేదు మీరు. ఈ లంకలో అన్నిటికంటే పెద్ద అచ్చు నేను చూపిస్తా రండి," అని ఏటి ఒడ్డుకు తీసుకుపోయి నూకరాజు పడవ చూపించాను.

ధనకోటి కళ్ళు మెరిశాయి. పడవలోకి దూకి టేపు పట్టి కొలిచాడు. పొడవు ఇరవై రెండు అడుగులు, వెడల్పు అయిదు, లోతు రెండున్నర. "సర్, ఒక్క వాయికి తొమ్మిదివేల సబ్బులు సర్!"

"దారుణము," అన్నారు పరాంకుశం గారు. "ఇంతటి అచ్చు ఇన్నేళ్ళుగా బహిరంగముగా నీటి మీద తిరుగుచున్నది."

పడవ ముక్కుకు ఒక ముద్ర, తోకకు ఒక ముద్ర, అడ్డంగా ఒక కాగితం పట్టీ పడ్డాయి. నూకరాజు గడ పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. ముద్ర ఉన్న వస్తువును వాడినవాడికి ఆరు నెలల జైలు అని ధనకోటి అతనికి రెండుసార్లు చదివి వినిపించాడు. నలుగురు మనుషులు సబ్బుతో సహా సూరాయమ్మ బాణలిని కావిడి మీద మోసుకొచ్చి ఒడ్డున దింపారు. ఆమె వెనకే వచ్చి దాని పక్కన కూర్చుంది.

"ఊఁ, బాణలి ఎక్కించి పడవ కదుపుము," అన్నారు పరాంకుశం గారు.

నూకరాజు గడ ఇసుకలో గుచ్చాడు. "ఎలా కదపమంటారండీ? సీలేసేసారు కదండీ."

"సీలు తీయుము."

"నేన్తీత్తే జైలని ఇప్పుడే సదివారు కదండీ ఆయన. ఒక పాలి కాదు, రెండు మాట్లు సదివారు."

"ధనకోటీ, నీవు తీయుము."

ధనకోటి చేతులు కట్టుకున్నాడు. "సీలు తీయాలంటే ప్రాంతీయ అధికారి వ్రాతపూర్వక ఉత్తర్వు కావాలి సర్."

"నేనే కదయ్యా ప్రాంతీయ అధికారిని!"

"అవును సర్. ఉత్తర్వు కార్యాలయం లెటర్‌హెడ్ మీద ఉండాలి సర్. లెటర్‌హెడ్లు బీరువాలో ఉన్నాయి సర్. బీరువా అవతలి ఒడ్డున ఉంది సర్."

ఏటి మీద గాలి వీచింది. పరాంకుశం గారు మెల్లగా ఫోను తీసి పై అధికారికి చేశారు. అవతలి గొంతు మా అందరికీ వినబడింది. సీలు తొలగింపు విషయమై సీలు వేసిన అధికారి స్వయముగా కార్యాలయమునకు హాజరై దరఖాస్తు సమర్పించుకొనవలెనట. "మేము హాజరగుటకు పడవ లేదు సర్," అంటే, "అట్లయిన మీ గైర్హాజరు నమోదు చేయబడును," అని పెట్టేశారు.

ఆ సాయంత్రమే కార్యాలయం వాళ్ళు దయతలచి అవతలి ఒడ్డు నుంచి ఒక పడవ పంపారు. అది మా ఇసుకను తాకీ తాకగానే ధనకోటి పరుగెత్తుకెళ్ళి ముద్ర వేసేశాడు. మా ప్రాంతంలోకి వచ్చిన గుంట కదా, నియమం నియమమే. పరాంకుశం గారు "వద్దురా!" అని అరిచే సరికి లక్క ఆరిపోయింది. ఆ పడవవాడు కూడా మా లంకకు అతిథి అయ్యాడు. మూడో పడవ ఏటి మధ్యదాకా వచ్చి, ఒడ్డు మీద లక్క కరిగిస్తున్న ధనకోటిని చూసి, అక్కడికక్కడే తిరిగి వెళ్ళిపోయింది.

తిండి సంగతి చెప్పాలి. గిన్నె లేదు, గరిట లేదు, రోలు లేదు. మేం లంకవాళ్ళం ఎలాగో బతికేశాం. చేపలు నిప్పుల మీద కాల్చుకున్నాం, చిలగడదుంపలు బూడిదలో పెట్టుకున్నాం. పరాంకుశం గారు చేప ముట్టరు. దుంప ఆయనకు పడదు. అరటిపళ్ళు తిన్నారు. పంతొమ్మిది తిన్నారు. అసలు బాధ దాహం. ఎవరో బొండం కొట్టి చేతిలో పెట్టారు. కొట్టక ముందు బొండంలో పల్లం లేదు, కొట్టాక ఉంది. ఆయన నోటి దాకా ఎత్తేలోపు ధనకోటి దాని మూతికి పట్టీ అతికించాడు. "క్షమించండి సర్, చూసీ చూడనట్టు ఉండలేను సర్," అన్నాడు. అతనికి ఆ ఏడు ఉత్తమ ఉద్యోగి పతకం వచ్చే ఆశ ఉందట.

మర్నాడు పొద్దెక్కే సరికి పరాంకుశం గారి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. లంక మధ్యలో చేతిపంపు ఉంది. తూలుకుంటూ దాని దగ్గరికి వెళ్ళారు. మేమందరం చుట్టూ చేరాం. ఒకరు పంపు కొట్టారు. నీళ్ళు దూకాయి. ఆయన రెండు చేతులూ చేర్చి, వంగి, దోసిలి పట్టారు.

అప్పుడు పడింది ఆ ఒక్క మాట.

"బాబూ, ఆ దోసిలికి అనుమతి ఉందాండీ?"

పంపు ఆగింది. పరాంకుశం గారు వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. ఆయన దోసిట్లో నీళ్ళు చక్కగా పల్లం ఆకారంలో నిలబడి ఉన్నాయి. ధనకోటి ఆ దోసిలి చూశాడు, నియమావళి చూశాడు, మళ్ళీ దోసిలి చూశాడు. కొవ్వొత్తికి అగ్గిపుల్ల గీసిన చప్పుడు అందరికీ వినబడింది.

"ధనకోటీ!" అని ఆయన వేసిన కేకకు కొంగలు లేచిపోయాయి. దోసిట్లో నీళ్ళు ఇసుకపాలయ్యాయి. "నేను నీ పై అధికారినిరా!"

"పై వస్తువైనా పల్లపు వస్తువే కదా సర్," అన్నాడు ధనకోటి దీనంగా. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. లక్క చుక్క మాత్రం కారడానికి సిద్ధంగా ఉంది.

మొదట్లో నేను ఒక్క మాటతో సాగనంపానని చెప్పుకున్నాను కదా. ఆ మాట అన్నది నేను కాదు. సూరాయమ్మ. నేను ఆ సమయానికి బిళ్ళ తగిలించుకుని ధనకోటి పక్కనే నిలబడి, గాలికి కొవ్వొత్తి ఆరిపోకుండా తువ్వాలు అడ్డం పెడుతున్నాను. ఇంకా చెప్పాలంటే, "ఏ చేతికి ముందెయ్యాలండీ?" అని అడిగింది కూడా నేనే. మిత్రుడినైపోయాక మధ్యలో మానలేం కదా.

పరాంకుశం గారు చేతులు వెనక్కి దాచుకుని సూరాయమ్మ వైపు తిరిగారు. "ఏమి చేయమందువమ్మా?" ఆ మాటలో కాగితం వాసన కొంచెం తగ్గింది.

"బాణలి అచ్చు కాదని రాయండి."

"కాని సీలు పడినది కదా. తీయుటకు లెటర్‌హెడ్..."

"సీలు ఎవరు తియ్యమన్నారండి? అది అచ్చే కాకపోతే దాని మీద ఉన్నది సీలెలా అవుద్దండి? ఉట్టి లక్క. ఉట్టి లక్క ఎవరైనా గోక్కోవచ్చు."

ధనకోటి గబగబా నియమావళి తిరగేశాడు. ముఖం విప్పారింది. "ఉంది సర్! పన్నెండో నియమం. అచ్చు కాని వస్తువుపై పడిన ముద్ర ముద్ర కాదు సర్. కారణం రాసి సంతకం పెడితే చాలు సర్. ఆ ఫారం నా సంచీలోనే ఉంది సర్."

"అయితే ముందు పడవకు వ్రాయుము!" అన్నారు పరాంకుశం గారు.

నూకరాజు గడకు ఆనుకుని నిలబడ్డాడు. "పడవ ఆకర్నండి. ముందు అక్క సెప్పిందే రాయండి. అప్పుడు గడ తీత్తాను."

ఫారంలో కారణం అనే గడి ఉంది. పరాంకుశం గారు కలం తీసి ఇలా రాశారు: "ఈ వస్తువు యొక్క ప్రధాన ధర్మము సబ్బుకు ఆకారమిచ్చుట కాదు." బాణలి ధర్మం కాచడం, కాబట్టి అచ్చు కాదు. సూరాయమ్మ అరటి దొప్ప తెచ్చి ఆయన ముందు పెట్టింది. దాని ధర్మం గెల మోసే చెట్టును నిలబెట్టడం. సబ్బుతో దానికి గంట సేపు పరిచయం, అంతే. కాబట్టి అదీ కాదు. ఇక అక్కడి నుంచి ఇడ్లీ రేకులు, రోళ్ళు, ఉగ్గుగిన్నెలు, ముసలమ్మ నోరు, అన్నిటికీ అదే కారణం, అదే సంతకం. ఆఖరున పడవలు రెండూ. మధ్యలో ఒకసారి ఆయన ఆగి, "మరి దోసిలి?" అని నెమ్మదిగా అడిగారు. సూరాయమ్మ తనే పంపు కొట్టి ఆయనను కడుపునిండా తాగనిచ్చింది. తర్వాతే ఆ కాగితం రాయించింది.

ధనకోటి ఒక్కడే దిగులుగా ఉన్నాడు. వేసిన ప్రతి ముద్రా ఉట్టి లక్క అయిపోయింది. అతని ముఖం చూడలేక, "మీ దగ్గర ఒక అచ్చు ఇంకా ఉంది కదండీ," అంది సూరాయమ్మ. టేకు చెక్క సంగతి. దాని ధర్మం సబ్బుకు ఆకారమివ్వడమే అని మండలే రాసింది. కాబట్టి లంక మొత్తం మీద అచ్చు అదొక్కటే. దానికి అనుమతి ఉంది కాని నమూనా లేదు. ధనకోటి కళ్ళు తుడుచుకుని దానికి ముద్ర వేసి, సాక్ష్యంగా చంకలో పెట్టుకున్నాడు.

బాణలి ఇంటికి వచ్చింది. సూరాయమ్మ దాన్ని సన్నటి సెగ మీద పెట్టింది. అంచులు వదిలాక నలుగురు పట్టి బోర్లించారు. ఎద్దు మూపురం అంత సబ్బు నేల మీద దిగింది. తీగతో కోసి, వెదురు తట్టల మీద నెల ఆరబెట్టారు. ఆ బిళ్ళలు రెండు ఒక్క ఆకారంలో లేవు. సంతలో అన్నీ అమ్ముడుపోయాయి. దొప్ప గీతలు లేవేమని అడిగినవాళ్ళకు, ఇది ప్రభుత్వం వారు దగ్గరుండి చేయించిన రకం అని చెప్పింది.

తర్వాత తెలిసిన సంగతి మరొకటి ఉంది. మండలి వార్షిక నివేదికలో మా లంక పేరు మొదటి పేజీలో వేశారు. "అక్రమ అచ్చులు పూర్తిగా నిర్మూలింపబడిన తొలి గ్రామము" అని. పరాంకుశం గారికి పెద్ద పదవి వచ్చింది. ధనకోటికి పతకం వచ్చింది. రికార్డుల ప్రకారం మా లంకలో ఒక్క అచ్చు లేదు. అచ్చు లేని చోట సబ్బు ఎలా ఉంటుంది? కాబట్టి సబ్బు కూడా లేదు. ఆ లేని సబ్బునే సూరాయమ్మ వారానికి రెండు బాణళ్ళు చేస్తోంది. లేనిదాన్ని తనిఖీ చేయడానికి ఎవరూ రారు. మిగతా ఊళ్ళలో మాత్రం చెక్కల మీద సబ్బు పోస్తూ, కారినదానికి జరిమానాలు కడుతూనే ఉన్నారట. వాళ్ళ ఊళ్ళకు ఏరు అడ్డం లేదు పాపం, అధికారులు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోగలరు.

ఆ రోజు పడవ ఎక్కే ముందు పరాంకుశం గారు ఆగారు. తడి ఆరిన చేతులు రెండూ జోడించి, "పొరపాటైనది, నన్ను క్షమింపుమమ్మా," అన్నారు సూరాయమ్మతో. ఆమె కూడా చేతులు జోడించింది. ఏటి ఒడ్డున ఉన్న మాకందరికీ గుండె కరిగింది.

మీరు నన్ను అనుమానంగా చూస్తున్నారని నాకు తెలుసు. నిజమే, ఇందులో ఒకటి నేను కల్పించాను. గుంట లేని చెక్క కల్పన కాదు. పడవకు ముద్ర వేసింది కల్పన కాదు. రెండో పడవకు వేసింది కూడా జరిగిందే. దోసిలి కాగితం సూరాయమ్మ పెట్టెలో ఇప్పటికీ ఉంది, వచ్చి చూసుకోవచ్చు. నేను కల్పించింది ఆ క్షమాపణ ఒక్కటే. కథన్నాక ఎక్కడో ఒక చోట నమ్మశక్యం కానిది ఉంటే బాగుంటుందని పెట్టాను.